తోకముల్లు

"అమ్మా, కాళ్ళు లేపకూడదు. ఇట్లా... ఇట్లా జరపాలి," అంటూ దేదీప్య రెండు పాదాలనూ తడి ఇసుకకు ఆనించి, ముందుకు తోసుకుంటూ నడిచి చూపించింది.

లైఫ్‌గార్డుల గది గోడకు పసుపు రంగు బోర్డు ఒకటి కట్టి ఉంది. దాని మీద అప్పడంలా చదునుగా ఉన్న చేప బొమ్మ, సన్నటి పొడుగాటి తోక. తొమ్మిదేళ్ళ దేదీప్య ఆ బోర్డు ముందు నిలబడి అంతా చదివి వచ్చింది. బడిలో సముద్రం గురించి పాఠం కూడా అయింది దానికి.

"ఎందుకే అలా?" అంది గిరిజ.

"స్టింగ్‌రేస్ ఇసుక కింద దాక్కుంటాయి. మన కాళ్ళు జరిపితే వాటికి తెలుస్తుంది, వెళ్ళిపోతాయి. మీద కాలు పెడితే టెయిల్‌తో కొడతాయి. దానికి ముల్లు ఉంటుంది. కోపం కాదు అమ్మా, they're just scared."

గిరిజ చుడీదారు పైజమాను పిక్కల మీదికి మడిచి, కూతురు చెప్పినట్టే పాదాలు ఈడుస్తూ నీళ్ళలోకి దిగింది. సెప్టెంబరు ఎండ చురుక్కుమంటోంది కానీ నీళ్ళు మాత్రం చల్లగా ఉన్నాయి. ఆటు సమయం కావడంతో సముద్రం చాలా దూరం వెనక్కి జరిగి, మోకాళ్ళ లోతున పలచగా పరుచుకుని ఉంది.

లేబర్ డే సెలవులకు రెండు కుటుంబాలూ అదే రాష్ట్రంలో ఉత్తరాన ఉన్న తమ ఊరు డబ్లిన్ నుంచి ఒకే వ్యాన్‌లో శాన్ డియేగో వచ్చాయి. వీరభద్రం, గిరిజ, దేదీప్య. వీరభద్రం ఆఫీసులోనే పనిచేసే శ్యామ్‌సుందర్, అతని భార్య హైమ. వీరభద్రం ఈ ప్రయాణం కోసమే కొత్త కెమెరా కొన్నాడు. పొడుగాటి లెన్సును ఎడమ అరచేతిలో పసిబిడ్డ తలను పట్టుకున్నట్టు పట్టుకుని, గట్టున ఒక మోకాలి మీద వంగి చూస్తున్నాడు.

"గిరిజా, ఆ నడకేంటి? కాలు విరిగినదానిలా! మామూలుగా నడువు."

"దేదీప్య చెప్పింది కదండీ, ఆ బోర్డు మీద..."

"అమెరికాలో కాఫీ కప్పు మీద కూడా వేడిగా ఉంటుందని రాస్తారు. అదంతా పట్టించుకుంటే ఇంట్లో కూర్చోవాలి."

శ్యామ్‌సుందర్ నవ్వాడు. గిరిజ పాదాలు ఎత్తి నడిచింది.

"ఆ, అక్కడ ఆగు. ఇటు తిరుగు. వెనక అల పడాలి. ఇంకొంచెం వెనక్కి. ఇంకొంచెం."

ఒక అడుగు వెనక్కి వేసింది. కుడి మడమ కింద ఏదో మెత్తగా, జారుడుగా, సబ్బు పెట్టిన గుడ్డలా కదిలింది. అదేమిటో తెలిసే లోపల చీలమండ లోపలివైపు మేకు దిగినట్టయింది. గిరిజ నోరు తెరిచింది. మొదట శబ్దం రాలేదు.

"సూపర్! అలాగే ఉండు," అన్నాడు వీరభద్రం. కెమెరా టకటకా కొట్టుకుంది.

తరువాత వచ్చింది అరుపు. అది తన గొంతేనని గిరిజకు కూడా తెలియలేదు. ఒంటికాలి మీద గెంతుకుంటూ గట్టు దాకా వచ్చి కూలబడింది. చీలమండ పక్కన గోరంత గాటు. దాంట్లోంచి నల్లటి రక్తం సన్నగా కారి ఇసుకలో కలుస్తోంది. గాటు చిన్నదే. నొప్పి మాత్రం పిక్కలోకి, మోకాలిలోకి, తొడలోకి ఎవరో లోపలినుంచి కాలుతున్న తాడు లాగుతున్నట్టుగా ఎక్కుతోంది.

"గాజుపెంకు అయ్యుంటది వదినా. ఐస్ పెట్టుర్రి, తగ్గుతది," అని శ్యామ్‌సుందర్ కూలర్‌లోంచి ఐసుగడ్డలు గుప్పెడు తెచ్చాడు. ఐసు తగలగానే నొప్పి రెట్టింపయింది. గిరిజ మళ్ళీ అరిచింది. ఈసారి ఆపలేకపోయింది.

"ఏమండీ, తట్టుకోలేకపోతున్నాను. ఏదో కుట్టింది. ఏదన్నా చెయ్యండి. చచ్చిపోతానేమో..."

చుట్టూ గొడుగుల కింద పడుకున్నవాళ్ళు లేచి చూస్తున్నారు. పక్కనే ఇసుకలో ఆడుకుంటున్న తెల్లపిల్లవాణ్ణి వాళ్ళమ్మ దగ్గరికి తీసుకుంది. వీరభద్రం మోకాళ్ళ మీద కూర్చుని, భార్య చెవి దగ్గరకు వంగాడు. ముఖం మీద చిరునవ్వు అలాగే ఉంది, చూసేవాళ్ళ కోసం.

"గిరిజా, అందరూ చూస్తున్నారు. కొంచెం కంట్రోల్ చేసుకో. పిల్ల భయపడుతోంది."

గిరిజ చున్నీ కొస నోట్లో కుక్కుకుంది.

హైమ ఎప్పుడు వెళ్ళిందో, లైఫ్‌గార్డును వెంటబెట్టుకుని వచ్చింది. ఎర్ర షార్ట్స్ వేసుకున్న పాతికేళ్ళ అమ్మాయి. గాయం చూస్తూనే, "స్టింగ్‌రే," అంది, మామిడిపండును చూసి మామిడిపండు అన్నంత మామూలుగా. ఐసు తీసేయమంది. హైమా ఆమే చెరోవైపు పట్టుకుని గిరిజను గదిలోకి నడిపించారు.

అక్కడ వరుసగా బకెట్లు ఉన్నాయి. ఒకదాంట్లో వేడినీళ్ళు పట్టి, ఆ అమ్మాయి ముందు తన మోచేయి ముంచి చూసుకుంది. తరువాత గిరిజ బాగున్న కాలి వేళ్ళు ముంచమంది. దెబ్బతగిలిన కాలికి వేడి సరిగ్గా తెలియదనీ, ఒళ్ళు కాల్చుకుంటారనీ చెప్పింది. ఆ తరువాతే కుడికాలు పెట్టించింది. ఆ చేప విషానికి వేడి పడదట. ఓర్చుకోగలిగినంత వేడిలో ఉంచాలి, నీళ్ళు చల్లారుతుంటే మళ్ళీ వేడివి కలపాలి, నొప్పి పోయేదాకా తీయకూడదు. గంటన్నరైనా పట్టవచ్చు.

"ఇక్కడ ఈ నొప్పికి మిలిటరీవాళ్ళు కూడా ఏడుస్తారు. మీకు అరవాలనిపిస్తే అరవండి. ఎవరూ ఏమీ అనుకోరు," అంది ఇంగ్లీషులో, చెంబుతో వేడినీళ్ళు పోస్తూ.

గిరిజ ఆమె ముఖంలోకి చూసింది. అరవమని తనతో ఎవరూ ఎప్పుడూ అనలేదు. కానీ ఇప్పుడు అరుపు రాలేదు. కళ్ళమ్మట నీళ్ళు మాత్రం కారాయి. నొప్పి తాడు మెల్లమెల్లగా తొడలోంచి మోకాలికి, మోకాల్లోంచి పిక్కకి దిగుతోంది.

వీరభద్రం గుమ్మంలో నిలబడి వాచీ చూసుకున్నాడు. "ఇంకెంతసేపు పడుతుంది?" అన్నాడు తెలుగులో.

"తగ్గుతోందండీ. ఇంకాసేపు."

"సన్‌సెట్ క్రూయిజ్‌కి టైమవుతోంది. టికెట్లు ఎప్పుడో బుక్ చేశాం. శ్యామ్ వాళ్ళు కూడా మన వల్ల మిస్ అవుతారు. కొంచెం తగ్గింది కదా, ఇక చాల్లే."

"అన్నయ్యా, మేం ఆగుతాం, ఏం ఫర్లేదు," అంది హైమ.

"అట్లేం లేదు హైమా. బోటులో కూర్చోవడమేగా."

గిరిజ కాలు తీసింది. లైఫ్‌గార్డు అమ్మాయి చెంబు పట్టుకుని అలాగే నిలబడి, ఒకసారి వీరభద్రాన్ని, ఒకసారి గిరిజను చూసింది. ఇంకా ఉండమని చెప్పింది. అతను థాంక్యూ అన్నాడు. ఆమె గాయం కడిగి, గుడ్డ కట్టి, ముల్లు ముక్క లోపల విరిగి ఉండవచ్చనీ, తప్పకుండా డాక్టరుకు చూపించి ఎక్స్‌రే తీయించమనీ, టెటనస్ ఇంజెక్షన్ వేయించమనీ ప్రతి మాటా విడమరిచి, గిరిజ కళ్ళలోకి చూస్తూ చెప్పింది.

"ష్యూర్, ష్యూర్," అన్నాడు వీరభద్రం.

పడవ కదిలిన కాసేపటికే నొప్పి మళ్ళీ తొడ దాకా ఎక్కింది. అందరూ పైన, డెక్ మీద ఉన్నారు. గిరిజ కింద బాత్రూం పక్కనున్న బెంచీ మీద కాలు చాపుకుని, పైనుంచి వినిపిస్తున్న పాటలూ చప్పట్లూ వింటూ, బెంచీ అంచును రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. చున్నీ కొస మళ్ళీ నోట్లోనే ఉంది. ఎవరూ చూడకపోయినా.

మర్నాడు తిరుగు ప్రయాణంలో హైమ రెండుసార్లు అడిగింది, దారిలో ఎక్కడన్నా డాక్టరుకు చూపిద్దామా అని. "ఇక్కడ ఎమర్జెన్సీలోకి వెళ్తే రోజంతా అక్కడే. ఆ లైఫ్‌గార్డులు అలాగే చెప్తారు, రేపు ఎవరూ కేసు వేయకుండా. మన ఊరెళ్ళాక చూద్దాం," అన్నాడు వీరభద్రం. వ్యాన్ ద్రాక్షతోటలూ, ఎండిన కొండలూ దాటుకుంటూ పోతోంది. గిరిజ వెనక సీట్లో కాలు పైకి పెట్టుకుని, "సలుపుతోందండీ," అంది. కాసేపాగి మళ్ళీ అంది. ముందు సీట్లో ఆఫీసులో రాబోయే సాఫ్ట్‌వేర్ రిలీజ్ గురించి మాట్లాడుకుంటున్నారు.

*

మంగళవారం పొద్దున భర్త ఆఫీసుకు, కూతురు బడికి వెళ్ళాక గిరిజ కుట్టుమిషన్ ముందు కూర్చుంది.

మేడ మీద చిన్నగది ఆమెది. దసరా దగ్గర పడుతోంది. గోడవారన కొక్కేలకు సగం కుట్టిన జాకెట్లు, ఫాల్ వేయాల్సిన చీరలు, ఒక్కోదానికి కొలతల చీటీ గుండుసూదితో గుచ్చి వేలాడుతున్నాయి. డబ్లిన్‌లోనూ ఆ పక్క ఊళ్ళలోనూ మెడ వంపు సరిగ్గా కూర్చునేలా పైపింగ్ వేసేది గిరిజేనని ఆడవాళ్ళందరికీ తెలుసు. ఆ వంపులో ఉన్న కిటుకంతా పాదంలో ఉంది. కరెంటు మిషన్ పెడల్ కార్పెట్ మీద జారకుండా అడుగున చెక్క పెట్టుకుని, కుడికాలి బొటనవేలితో దాన్ని నొక్కీ నొక్కనట్టు నొక్కాలి. సూది ఒక్కో కుట్టూ వేస్తూ నిదానంగా వంపు తిరుగుతుంది.

కుడికాలు పెడల్ మీద పెట్టింది. మడమ ఆనించగానే కళ్ళు బైర్లు కమ్మాయి. ఎడమకాలితో ప్రయత్నించింది. ఎడమకాలికి ఆ నెమ్మది తెలియదు. నొక్కితే మిషన్ గుర్రుమని పరుగెత్తింది, సూది వంపు దాటి పట్టు మీదికి పోయింది. ఆకుపచ్చ జాకెట్టు, హైమది. గిరిజ బ్లేడు తీసుకుని తప్పుపోయిన కుట్లు ఒక్కొక్కటే విప్పింది. పట్టు మీద సూది రంధ్రాలు వరుసగా మిగిలాయి. గోటితో రుద్ది రుద్ది వాటిని మూయాలని చూసింది. మళ్ళీ కుట్టింది. మళ్ళీ విప్పింది.

మధ్యాహ్నం ఫ్రిస్కో నుంచి విద్య ఫోన్ చేసింది. గిరిజ పిన్ని కూతురు. "అక్కా, బావగారు ఫేస్‌బుక్‌లో పెట్టిన ఫోటో చూశా. నువ్వు అంత హాయిగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు తెలుసా! సముద్రం పడినట్టుంది నీకు."

గిరిజ కుంటుకుంటూ వెళ్ళి కంప్యూటర్ తెరిచింది. వెనక అల తెల్లగా విరుగుతోంది. ముందు తను. తల వెనక్కి వాలి ఉంది, కళ్ళు గట్టిగా మూసుకున్నాయి, నోరంతా తెరుచుకుని ఉంది. గాలికి చున్నీ ఎగురుతోంది. కింద బోలెడన్ని మెచ్చుకోళ్ళు. ఎంత సంతోషమో, ఎంత సహజమో, దిష్టి తీయించుకోండి.

సాయంత్రం వీరభద్రం షూస్ విప్పుతుంటే అడిగింది. "ఆ ఫోటో తీసేయండి."

"ఏం? ట్రిప్ మొత్తంలో బెస్ట్ షాట్ అది."

"అది నవ్వు కాదండీ. అప్పుడే కుట్టింది."

అతను సాక్సు చేతిలో పట్టుకుని ఒక్క క్షణం ఆలోచించాడు. "చూసేవాళ్ళకేం తెలుస్తుంది?" అన్నాడు. ఆ మాటలో చెడ్డ ఉద్దేశమేమీ లేదు. నిజంగానే అడిగాడు.

"కాలు ఎర్రబడింది. వాచింది. డాక్టర్ దగ్గరకి వెళ్దామండీ."

"ఈ వారం రిలీజ్ ఉంది కదా గిరిజా. నువ్వు కూడా ఊరికే ఆ మిషన్ తొక్కకు. రెస్ట్ తీసుకో, అదే తగ్గుతుంది. టైలెనాల్ మాత్ర వేసుకో."

బుధవారానికి వాపు పాదం మీదికి పాకింది. చర్మం బిగుసుకుని మెరుస్తోంది, చెయ్యి దగ్గరకు తీసుకెళ్తేనే సెగ తగులుతోంది. బడినుంచి వచ్చిన దేదీప్య సోఫాలో కూర్చుని పుస్తకం చదువుకుంటోంది.

"అమ్మలూ, ఫ్రిజ్‌లోంచి కాసిని మంచినీళ్ళు తెచ్చిపెట్టవూ? లేవలేకపోతున్నాను."

"ఇప్పుడే తెచ్చుకున్నావు కదా అమ్మా."

"కాలు నొప్పి తల్లీ. చాలా నొప్పిగా ఉంది."

దేదీప్య పుస్తకం మీదనుంచి కళ్ళు ఎత్తకుండా, కాస్త విసుగ్గా, కాస్త గారంగా అంది. "అమ్మా, ఎక్కువ చేయకు. Don't be so dramatic."

మాట పిల్లది. విరుపు మాత్రం వీరభద్రానిది. చివరి మాట దగ్గర గొంతు దించి, చిన్నగా గాలి వదలడం కూడా అచ్చం అతనిలాగే. గిరిజ కూతుర్ని చాలాసేపు చూసింది. ఆ పిల్ల నీళ్ళు తెచ్చింది, తేకపోలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి మళ్ళీ పుస్తకంలో పడిపోయింది. గిరిజ ఆ నీళ్ళు తాగలేదు. గోడ పట్టుకుని మెట్లెక్కి వెళ్ళి, ఎడమకాలితో పట్టుచీరకు ఫాల్ కుట్టింది. ఫాల్ తిన్నగా పోతుంది, దానికి నేర్పు అక్కరలేదు.

*

గురువారం హైమ జాకెట్టు వేసి చూసుకోవడానికి వచ్చింది. బెల్లు కొట్టి చాలాసేపు నిలబడింది. తలుపు తీసిన గిరిజను చూసి చేతిలోని సంచి కింద పెట్టేసి చెయ్యి పట్టుకుంది.

"ఇదేంటి వదినా, ఒళ్ళు కాలిపోతోంది! కాలు ఏది, చూపించు."

గాయం అంచులు నల్లబడ్డాయి. చుట్టూ ఎరుపు చీలమండ దాటి పైకి, పిక్క మీద ఒక గీతలా సాగింది. హైమ ముఖం తిప్పుకుంది.

"ఇంతయ్యేదాకా ఎవరికీ చెప్పలేదా?"

గిరిజ కాలు వెనక్కి తీసుకుంది. "మెడ దగ్గర కుట్టు కొంచెం పోయింది హైమా. పట్టు మీద సూది రంధ్రాలు పడ్డాయి. పైన సన్నగా లేసు వేస్తే కనబడదు."

"జాకెట్టు సంగతి తగలెయ్యి," అని హైమ ఫోన్ తీసింది. "అన్నయ్యా, నేను హైమని. మీ ఇంట్లోంచే. వదిన కాలు ఏం బాగోలేదు. వెంటనే డాక్టర్ దగ్గరకి తీసుకెళ్ళాలి. ఇవాళే, ఇప్పుడే. ఆలస్యం చేస్తే ప్రమాదం."

అటునుంచి ఏదో అన్నాడు. ఆ, ఆ అంది హైమ. పెట్టేసి, "బయల్దేరుతున్నాడు," అంది.

నిజంగానే బయల్దేరాడు. మీటింగు మధ్యలోంచి లేచి వచ్చాడు. దారిలో దేదీప్యను కూడా బడినుంచి ఎక్కించుకున్నాడు. గుమ్మంలోకి వస్తూనే, "ఏమైంది? ఏమైంది?" అన్న అతని గొంతులో కంగారు అబద్ధం కాదు. గిరిజ రెక్క పట్టుకుని కారు దాకా నడిపించాడు, తల తగలకుండా డోరు పైన చెయ్యి అడ్డుపెట్టాడు. గిరిజ ఆ చేతిని చూసింది. ఈ చెయ్యి ఇన్నాళ్ళూ ఇక్కడే ఉంది. హైమ ఒక్కసారి చెబితే వచ్చింది.

క్లినిక్‌లో డాక్టరు నెరిసిన జుట్టు ఆవిడ. ఎక్స్‌రే తెర మీద చీలమండ ఎముక పక్కన తెల్లటి చిన్న చార ఉంది, రంపపు పళ్ళలా అంచులతో. తోకముల్లు కొస విరిగి లోపలే ఉండిపోయింది. మొద్దుబార్చడానికి సూదిమందు ఇచ్చి, గాయం తెరిచి, చిమటాతో నెమ్మదిగా లాగింది. ఆ ముల్లుకు పళ్ళు వెనక్కి తిరిగి ఉంటాయట. లోపలికి సులువుగా పోతుంది, వచ్చేటప్పుడు చీల్చుకుంటూ వస్తుంది. దేదీప్య గది మూల కుర్చీలో కూర్చుని ఉంది. బయట కూర్చోమంటే పోలేదు. చీమూ రక్తమూ బయటికి వచ్చినప్పుడు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది కానీ కళ్ళు మూసుకోలేదు.

ముల్లుముక్క స్టీలు పళ్ళెంలో టింగుమని పడింది. బియ్యపుగింజకు రెండింతలు ఉందేమో.

"ఎప్పుడు జరిగింది ఇది?" అని అడిగింది డాక్టరు.

వీరభద్రం చెప్పాడు. వేడినీళ్ళ సంగతి కూడా చెప్పాడు, చక్కటి ఇంగ్లీషులో, వివరంగా.

"అప్పుడే ఎందుకు రాలేదు? ఇంకొక రోజు ఆలస్యమైతే ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చేది. ఇంత నొప్పి ఎవరూ ఓర్చుకోలేరే."

వీరభద్రం గిరిజ భుజం మీద చెయ్యి వేశాడు. "తనకి ఓర్పు చాలా ఎక్కువ డాక్టర్. ఎప్పుడూ కంప్లైంట్ చేయదు," అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు.

డాక్టరు గిరిజ వైపు చూసింది, ఆమె ఏమన్నా అంటుందేమోనని. గిరిజ పళ్ళెంలోని ముక్కను చూస్తోంది. ఇప్పుడు అందరికీ కనబడుతోంది. తెర మీద ఉంది, పళ్ళెంలో ఉంది. ఇక తను చెప్పాల్సిందేముంది? ఇవాళ కారెక్కగానే అతను ఏదో ఒకటి అంటాడు. పెద్ద మాటేమీ అక్కర్లేదు. అయ్యో అంటే చాలు. ఆ మాట వింటే తను ఏడుస్తుందేమో, అతని ఎదుట ఏడవకూడదు అనుకుంది.

టెటనస్ ఇంజెక్షన్ వేశారు. యాంటీబయాటిక్ మందులు రాసిచ్చారు. కొన్నాళ్ళు కాలు కింద మోపవద్దన్నారు, మిషన్ తొక్కడం అసలే వద్దన్నారు.

కారు రోడ్డెక్కింది. సాయంత్రపు రద్దీలో ఒక్కో సిగ్నల్ దగ్గరా ఆగుతూ పోతోంది. వీరభద్రం స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేస్తున్నాడు. ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడు పెద్దగా నిట్టూర్చాడు.

"నాకు భయమేసింది గిరిజా, నిజంగా."

గిరిజ అతని వైపు తిరిగింది.

"నువ్వు అప్పుడే గట్టిగా చెప్పుండాల్సింది," అన్నాడు. "ఏదో మామూలుగా నొప్పి నొప్పి అంటావు, నాకెలా తెలుస్తుంది? మొదటిరోజే సీరియస్ అని చెప్పుంటే అక్కడే చూపించేవాణ్ణి కదా. ఇప్పుడు చూడు, ఆ డాక్టర్ ముందు నేనేదో పట్టించుకోనట్టు అయింది."

గిరిజ అద్దంలోంచి బయటికి చూసింది. పక్క కారులో ఒకావిడ లిప్‌స్టిక్ వేసుకుంటోంది. సముద్రం గట్టున నోట్లో కుక్కుకున్న చున్నీ ఉప్పగా ఉండడం గుర్తొచ్చింది. అరిచినప్పుడు ఎక్కువైంది. అరవనప్పుడు తక్కువైంది. సరిగ్గా ఎంత అరిస్తే సరిపోయేదో, ఆ కొలత ఎవరి దగ్గర ఉందో.

"చెప్పాను," అంది.

"అంటే, సరిగ్గా..."

"నాన్నా." వెనక సీట్లోంచి దేదీప్య. "అమ్మ చెప్పింది. బీచ్‌లో చెప్పింది. వ్యాన్‌లో చెప్పింది, నువ్వు శ్యామ్ అంకుల్‌తో మాట్లాడుతున్నావు. మళ్ళీ ఇంట్లో కూడా. నాకూ చెప్పింది. I heard her. Every time."

లైటు పచ్చబడింది. వీరభద్రం కారు కదపలేదు. వెనకనుంచి ఎవరో హారన్ కొట్టారు. అప్పుడు కదిపాడు.

పిల్ల తన పక్షాన మాట్లాడిందని గిరిజకు సంతోషం కలగాలి. ఏదో కలిగింది కూడా, కానీ దాని వెనకే ఇంకోటి వచ్చింది. ఇన్నేళ్ళూ తను ఒకటే అనుకుంటూ వచ్చింది, వీళ్ళకు వినబడలేదని. పనిలో ఉన్నారు, హడావిడిలో ఉన్నారు, తన గొంతు చిన్నది, తనకు చెప్పడం రాదు. ఈసారి ఇంకాస్త బాగా చెప్పాలి అనుకునేది. వినబడకపోవడం కాదన్నమాట. ప్రతిసారీ వినబడింది. బీచ్‌లో గొడుగుల కింద ఉన్నవాళ్ళకు వినబడింది. ముందు సీట్లలో ఉన్నవాళ్ళకు వినబడింది. పుస్తకం చదువుకుంటున్న తొమ్మిదేళ్ళ పిల్లకూ వినబడింది.

దేదీప్య వెనకనుంచి చెయ్యి చాపి తల్లి భుజం మీద పెట్టింది. గిరిజ ఆ చేతి మీద తన చెయ్యి వేసింది. వెనక్కి తిరిగి మాత్రం చూడలేదు.

ఇంటికొచ్చాక వీరభద్రం ఆమెను సోఫాలో పడుకోబెట్టి, కాలి కింద రెండు దిళ్ళు పెట్టాడు. దుప్పటి తెచ్చి కప్పాడు. మందులు బల్ల మీద వరుసగా పేర్చాడు. ఇంకేం చేయాలో తోచక కాసేపు అక్కడే నిలబడి, "టీ తాగుతావా? నేను పెడతాను," అన్నాడు.

"పెట్టండి," అంది గిరిజ.

వంటింట్లో అల్మారాల తలుపులు తెరుచుకుంటున్న చప్పుడు. గిన్నె ఏదో కింద పడింది. కుళాయి తిప్పాడు, కట్టేశాడు. ఆ ఇంట్లోకి వచ్చి ఎన్నో ఏళ్ళయింది.

"గిరిజా, టీపొడి ఎక్కడుంది?"

గిరిజ పైకప్పుకు తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తూ పడుకుంది. మొద్దుబార్చిన మందు దిగుతున్నట్టుంది, కాల్లో మెల్లగా సలుపు మొదలవుతోంది.

"గిరిజా! టీపొడి ఎక్కడ పెట్టావు?"

ఇంకో తలుపు తెరుచుకుంది. ఇంకో డబ్బా మూత ఊడింది.

"గిరిజా!"

కాళ్ళ దగ్గర కూర్చున్న దేదీప్య తల్లి ముఖంలోకి చూసింది. "అమ్మా, నాన్న అడుగుతున్నాడు. వినపడలేదా?"

"వినపడింది," అంది గిరిజ.

దుప్పటి గొంతు దాకా లాక్కుని కళ్ళు మూసుకుంది. వంటింట్లోంచి పిలుపు మళ్ళీ వచ్చింది, ఈసారి ఇంకాస్త గట్టిగా.